పెట్టుడు కాలికి కస్టమ్స్ క్లియరెన్స్

పెట్టెలో ఏముందో ఉన్నదున్నట్టు చెప్పే మనిషిని నా సర్వీసు మొత్తంలో నేను చూడలేదు. అందరూ అబద్ధాలకోరులని కాదు. కొన్ని సంగతులు చెప్పదగ్గవి కావనుకుంటారు, అంతే. ‘పాత బట్టలు’ అని రాసిన పెట్టెలో బట్టలే ఉంటాయి. కాకపోతే వాటి మధ్య ఒక మిక్సీ ఉంటుంది, ఆ మిక్సీ జారులో జీడిపప్పు ఉంటుంది. అడిగితే, అది కూడా చెప్పాలా సార్ అంటారు. చెప్పాలి నాయనా. కస్టమ్స్ అనే శాఖ పుట్టిందే అది చెప్పించడానికి.

ఇప్పుడు నాకా బాధ లేదు. రిటైరయ్యాను. బహ్రెయిన్‌లోనే, అరాద్‌లో మా అమ్మాయి ఫ్లాట్‌లో ఉంటున్నాను. ఎయిర్‌పోర్టు పక్కనే. కార్గో విమానం ఇంటి మీదుగా కిందకి దిగుతుంటే, దాని కడుపులో ఎన్ని తప్పుడు డిక్లరేషన్లు ఉన్నాయో అని ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. క్లియరింగ్ పనిలో కొత్తగా చేరిన కుర్రవాళ్లు అప్పుడప్పుడు వచ్చి, మీరు మరిచిపోలేని కేసు ఏది సార్ అని అడుగుతారు. వాళ్లకు బంగారం బిస్కెట్ల కథ కావాలి. నాకు గుర్తొచ్చేది మాత్రం ఒక కాలు. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ బీపీ మాత్ర కోసం చెయ్యి జేబులోకి పోతుంది. అందుకని ఒక్కసారి రాసి పెడుతున్నాను. ఇకపై అడిగినవాళ్ల చేతిలో ఈ కాగితాలు పెట్టి నేను పడుకుంటాను.

మా పనేమిటో ముందు కాస్త చెప్పాలి. దేశంలోకి వచ్చే, దేశం నుంచి పోయే ప్రతి సామానుకీ కస్టమ్స్‌లో డిక్లరేషన్ పెట్టాలి. సామాను సొంతదారు తరఫున అది పెట్టే క్లియరింగ్ ఏజెంట్లం మేం. అదేమిటి, ఎక్కడిది, ఎవరికి, విలువెంత, ఎందుకొస్తోంది, తిరిగిపోతుందా, ఉండిపోతుందా. ప్రపంచంలో ప్రతి వస్తువుకీ ఆ లెక్కలో ఒక కోడ్ ఉంటుంది. గుర్రానికి ఉంది, గుండుసూదికి ఉంది, మనిషి తొడుక్కునే పెట్టుడు కాలికీ ఉంది. ఆ కోడ్‌ని బట్టి సుంకం వేస్తారు, లేదా మినహాయిస్తారు. మేం సామాన్లు దాటిస్తామని జనం అనుకుంటారు గాని, మేం దాటించేది కాగితాలనే.

మా ఆఫీసు గుదైబియాలో ఒక కెఫెటేరియా మీది అంతస్తులో ఉండేది. నా ఎదురు బల్ల దగ్గర ఒక మలయాళీ సహోద్యోగి కూర్చునేవాడు. నాకు ఎంత కోపమో అతనికి అంత నిదానం. నేను ఫోన్లో అరవడం మొదలుపెట్టగానే కిటికీలోంచి కిందికి చూసి, రెండు టీలని వేళ్లతో చూపించేవాడు. టీ వచ్చేలోగా నేను చల్లబడాలని అతని ఉద్దేశం. చల్లబడేవాణ్ని కాదు. అయినా టీ తాగేవాణ్ని.

ఒక పొద్దున చంకల కింద కర్రలతో ఒకాయన మా మెట్లెక్కి వచ్చాడు. జగిత్యాల వైపు మనిషి, నలభై దాటినవాడు. ఒక కట్టుబడి కంపెనీలో స్టోర్ కీపరు. చాలా ఏళ్ల కిందట సైట్లో ఇనుప కడ్డీల కట్ట జారి మీద పడి, కుడికాలు మోకాలి కింద నుంచి పోయింది. ఆనాటి సైట్ పెద్ద ఒక యూరప్ దేశస్తుడు. ఆయన ఇతన్ని ఇంటికి పంపనివ్వకుండా స్టోర్లో కూర్చోబెట్టాడు. సెలవుల్లో తన ఊరికి వెళ్తూ ఇతని కాలి కొలత, అచ్చు పట్టుకెళ్లి, అక్కడ తన స్నేహితుడి వర్క్‌షాపులో పెట్టుడు కాలు చేయించి తెచ్చాడు. ఆయన రిటైరై వెళ్లిపోయినా కాలు మాత్రం ఇన్నాళ్లూ పనిచేసింది. ఇప్పుడు చీలమండ దగ్గర పగులు వచ్చింది. పంపండి, ఊరికే బాగుచేసి పంపుతాం అని ఆ పెద్దాయన కబురు పెట్టాడు.

ఆ దేశం పేరెందుకులెండి. మ్యాపు మీద వేలు పెడితే ఇరుగుపొరుగు దేశాలతో సహా కనబడకుండా పోయేంత చిన్నది. బహ్రెయిన్‌లో కూర్చుని ఇంకో దేశాన్ని చిన్నదనడం బాగుండదని నాకూ తెలుసు.

“ఇక్కడి ఆసుపత్రిలో కొత్తది చేయించుకోకూడదటయ్యా?” అని అడిగాను.

“చేస్తరట సార్, గని శాన దినాలు వడ్తదట. నా తాన అంత టైము లేదు. స్టోర్ కొత్త సైటుకు వోతుంది, బుదైయా దిక్కు. కొత్త మేనేజర్ ఒచ్చిండు. స్టోర్ తెరిచే దినం నువ్వు రెండు కాళ్ల మీద నిలవడితె వీసా రెన్యువల్ జేపిస్త, లేకుంటె టికెట్ తీపిస్త అన్నడు.”

“పోనీ, కొన్నాళ్లు ఇంటికెళ్లి ఉండు.”

అతను కర్రల మీదికి కాస్త వంగి నన్ను చూశాడు. “ఇంటికి వోతె నేను కుంటోన్ని సార్. ఈడ స్టోర్ కీపర్ని. దుబాయి వచ్చినప్పటి సంది నన్ను కుంటోడా అని ఒక్కలు గూడ పిలువలే.”

ఇది దుబాయి కాదయ్యా, బహ్రెయిన్ అని ఇంకెప్పుడైనా అయితే సరిచేసేవాణ్ని. ఆ రోజు సొరుగులోంచి ఫారం తీశాను. కేసు తీసుకున్నాను. జాలిపడి తీసుకున్న కేసు ఏదీ సవ్యంగా జరగదని నాకు అప్పటికే తెలిసి ఉన్నా తీసుకున్నాను.

కాగితాల వరకు నేను ఒక్క లోపం కూడా జరగనివ్వలేదు, ఇది గుర్తుపెట్టుకోండి. బాగుచేయించడానికి బయటికి పంపే వస్తువును, ‘ఇది మరమ్మతుకు పోతోంది, తిరిగొస్తుంది’ అని పోయేటప్పుడే రాయించాలి. లేకపోతే తిరిగొచ్చినప్పుడు కొత్త సరుకు కింద లెక్కకట్టి మొదటి నుంచీ మొదలుపెడతారు. అవతలి దేశంలోనూ అంతే. ‘బాగుచేసి పంపేస్తాం, ఇక్కడ ఉంచుకోం’ అని వర్క్‌షాపు వాళ్లు ముందే అనుమతి తీసుకోవాలి. ఆ చిన్న దేశపు కస్టమ్స్‌లో ఒకావిడ నా మెయిళ్లన్నిటికీ ఓపికగా, అక్షరం పొల్లు పోకుండా జవాబులిచ్చింది. సుంకం లేదు, అడ్డంకి లేదు, పంపవచ్చు అంది. అంతా చూసి మలయాళీ మిత్రుడు కూడా, ఈసారి నీకు అరిచే అవకాశం రాదేమో అన్నాడు.

కాలిని తువ్వాలులో చుట్టి, అట్టపెట్టెలో పెట్టి తెచ్చాడతను. తీసి చూశాను. మోకాలి కింద మిగిలిన భాగాన్ని దూర్చుకునే చోటు లోతైన చెంబులా బోలుగా ఉంటుంది. చెయ్యి పెట్టి మరీ చూశాను.

“ఈ పెట్టెలో కాలు తప్ప ఇంకేమైనా ఉందా?”

“ఏం లేదు సార్. జూడుండ్రి.”

“ఇంకేమీ పెట్టవు కదా?”

“ఏం వెడ్త సార్? మంచిగ దుప్పట్ల సుట్టి రేపు పొద్దుగాల తెస్త.”

సరే తీసుకెళ్లమన్నాను. మర్నాడు టేపు చుట్టలు చుట్టలుగా వేసిన పెట్టె తెచ్చి ఇచ్చాడు. మధ్యలో ఒక సాయంత్రం గడిచింది. ఆ సాయంత్రం వాళ్ల క్యాంపులో ఏం జరిగి ఉంటుందో పసిగట్టడానికి నేను జోస్యుణ్ని కాను.

మనవాళ్ల చేతులు ఖాళీ కనబడితే ఊరుకోవు. ఊరెళ్లే పెట్టె కట్టేటప్పుడు చూడండి. కుక్కర్లో సబ్బులు, ఫ్లాస్కులో చాక్లెట్లు, కొత్త బూట్లలో అత్తరు సీసాలు. ఇన్ని కిలోలే తెచ్చుకోవాలని విమానం వాళ్లు పెట్టిన నియమం మనవాళ్లకు నేర్పిన విద్య ఇది. గాలిని మోసుకెళ్లడం దండగని గల్ఫ్‌లో చంటిపిల్లలకు కూడా తెలుసు. దానికి తోడు, ఎవరికైనా ఏదైనా పంపితే ఒట్టిగా పంపకూడదన్న పెద్దల మాట ఒకటి. ఈ రెండూ కలిసి ఆ సాయంత్రం పాపం ఆ కాలి మీద పడ్డాయి.

కొన్ని రోజులకు ఆ కస్టమ్స్ ఆవిడ దగ్గర నుంచి మెయిల్ వచ్చింది. పెట్టుడు అవయవం లోపల దాచి ఉంచిన, డిక్లరేషన్‌లో చూపని, జంతు సంబంధమైన ఆహార పదార్థాలు దొరికాయనీ, సరుకును ఆపి ఉంచామనీ ఆ మెయిల్ సారాంశం. రెండుసార్లు చదివాను. మలయాళీ మిత్రుడు నా మొహం చూసి, నేనింకా నోరు తెరవకముందే కిటికీ దగ్గరికి వెళ్లాడు. నేను స్టోర్ కీపరుకు ఫోన్ చేశాను.

“కాల్లో ఏం పెట్టావయ్యా?”

“ఏం వెట్టలే సార్.”

“ఏమీ పెట్టకపోతే అక్కడి కస్టమ్స్ వాళ్లు కలగన్నారా?”

“అగో, గదా సార్! గరిజెలు. కోవ గరిజెలు. మా ఇంటామె జేసి మా ఊరోనితోని పంపింది. ఇగ జరంత నెయ్యి, చిన్న సీసల. మన బర్రె నెయ్యే. ఆ దొరకు నెయ్యంటె పానం సార్, ఈడున్నప్పుడు రొట్టెకు రాసుకొని తింటుండె.”

“కజ్జికాయలూ నెయ్యీనా! నేను అడిగినప్పుడు ఏమీ లేదన్నావు కదయ్యా!”

“నువ్వు అడిగినప్పుడు లేకుండె. మళ్ల, గది సామానా సార్? తినేటిది.”

“కాల్లో ఎందుకు దాచావు?”

“దాసుడెందుకు సార్? ఖాళీ ఉండె, వెట్టిన. బయట వెడితె గరిజెలు ఇరుగయా?”

తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడ మేత కోసం అన్నాడట వెనకటికి ఒకడు. నేను ఫోను బల్ల మీద పెట్టి, టీ తాగి, మళ్లీ ఫోను తీశాను. అతను లైన్లోనే ఉన్నాడు.

ఇక్కడొక నిబంధన చెప్పాలి. బయటి దేశాల నుంచి మాంసం గాని, పాలతో చేసినవి గాని మామూలు పార్సిల్‌లో ఆ దేశాలకు రానివ్వరు. పశువుల రోగాలు వస్తాయని వాళ్ల భయం. నెయ్యి పాలదే, కోవా పాలదే. మా దేశం చిన్నదే గాని నియమం చుట్టుపక్కల దేశాలన్నిటిదీ అంది ఆవిడ, పాపం ఎంతో మర్యాదగా. కాబట్టి సరిహద్దులో ఉండే పశువుల డాక్టరు వచ్చి ఆ సరుకును పరీక్షించాలట. సరుకంటే ఏమిటి? కాలు. మనిషి కాలిని పశువుల డాక్టరు పరీక్షించాలి. మలయాళీ మిత్రుడు నవ్వి నవ్వి టీ ఒలకబోసుకున్నాడు. అంత నిదానస్తుడు అలా నవ్వడం నేను చూడటం అదే మొదటిసారి.

ఆ డాక్టరు ఆ దేశం మొత్తానికి ఒక్కడేనట, వారంలో కొన్ని పూటలే ఆ సరిహద్దు గేటుకు వస్తాడట. వచ్చాడు, చూశాడు, తినే పదార్థాలు కాల్చేయాలి, కాలు వదిలేయవచ్చు అని రాశాడు. హమ్మయ్య అనుకున్నాను. కాల్చడానికి, సరుకు అందుకునే మనిషి ఒప్పుకుంటూ సంతకం చేయాలి. అందుకునేది ఆ రిటైరైన పెద్దాయన. ఆయన చేయనన్నాడు! అంత దూరం నుంచి ఒక ఇల్లాలు నాకోసం చేసి పంపిన వంట, కాల్చేయండని నేనెలా సంతకం పెడతాను అని కూర్చున్నాడు. ఇక్కడ ఒకడి వీసా గడువు కరిగిపోతోంది మహాప్రభో అని నేను ఫోన్ చేసి ప్రాధేయపడితే, రెండు రోజులు బాధపడి చివరికి పెట్టాడు. కాల్చేసినట్టు ముద్ర వేసిన కాగితం నాకు వచ్చింది. కాలు వర్క్‌షాపుకు చేరింది.

ఆ సంగతి స్టోర్ కీపరుకు చెప్పాను.

“అన్ని కాలవెట్టిండ్రా సార్?”

“అన్నీ.”

“ఒక్క గరిజ గూడ ఆయన తినలేదా?”

“తినలేదయ్యా. తిననివ్వరు. అది నేరం.”

కాలు ఎప్పుడొస్తుందని అడుగుతాడనుకున్నాను. అడగలేదు. మర్నాడు మళ్లీ ఫోన్ చేసి, నెయ్యి గూడ కాలవెట్టిండ్రా సార్ అని అడిగాడు. నా తల ప్రాణం తోకకొచ్చింది.

బాగైన కాలు తిరిగి బయలుదేరే ముందు నేను పెద్దాయనకు మెయిల్ రాశాను. దయచేసి కాలు తప్ప మరేమీ పెట్టవద్దు, దీని మీద ఒక మనిషి ఉద్యోగం ఆధారపడి ఉంది అని. అర్థమైంది అని ఒక్క ముక్కలో జవాబిచ్చాడు. యూరప్ వాళ్లు చెప్పినమాట చెప్పినట్టు వింటారని మనకొక గుడ్డి నమ్మకం. నేనూ నమ్మాను.

కాలు వచ్చింది గురువారం. ఆదివారం బుదైయాలో స్టోర్ తెరుస్తారు. శుక్ర, శనివారాలు ఆఫీసులుండవు. అంటే ఆ గురువారం తేలకపోతే తేలనట్టే. అతన్ని నా కారులో ఎక్కించుకుని ఎయిర్‌పోర్టు కార్గోకు వెళ్లాను. ఇస్త్రీ ప్యాంటు వేసుకున్నాడు, గడ్డం గీసుకున్నాడు. కుడికాలి బూటును పాలిథిన్ సంచిలో వేసుకుని ఒళ్లో పెట్టుకున్నాడు. దారి పొడవునా దాన్ని తుడుస్తూనే ఉన్నాడు.

కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి. మరమ్మతుకు పోయినట్టు రాయించిన నంబరూ, కాలి మీది నంబరూ ఒకటే. ఇంక ముద్ర పడటమే తరువాయి అనుకుంటుండగా ఎక్స్‌రే తెర దగ్గరి కుర్రాడు చెయ్యి ఊపి పిలిచాడు. వెళ్లి చూశాను. తెర మీద కాలు. కాలి లోపల, ఆ బోలులో, నిలువుగా, మెడ సన్నంగా ఉన్న ఒక సీసా. గోరుచుట్టు మీద రోకటిపోటు అన్న సామెతను చిన్నప్పటి నుంచీ వాడుతున్నాను గాని, దాని రూపం చూసింది ఆ తెర మీదే.

పెట్టె విప్పించారు. ఉన్ని మేజోడులో చుట్టి, ఎర్ర రిబ్బను కట్టి, ఇంట్లో దింపిన పళ్ల సారా. బహ్రెయిన్‌లో మందు దొరకదని కాదు, దొరుకుతుంది. కాని లైసెన్సు ఉన్నవాళ్లు తప్ప ఇంకెవరూ బయటి నుంచి తెప్పించకూడదు. అందులోనూ చెప్పకుండా, పెట్టుడు కాలి లోపల పెట్టి! దొంగ సరుకు ఎలా ఉంటుందని ఎవరైనా బొమ్మ గీయమంటే అదే గీస్తారు. కేసు పడేది అందుకునేవాడి మీద. కేసు పడ్డవాడికి వీసా రెన్యువల్ కాదు సరికదా, ఉన్న వీసా కూడా ఊడుతుంది.

ఆఫీసరు ఒక నడివయసు బహ్రెయినీ. నెరిసిన గడ్డం, నెమ్మదైన గొంతు, మనవాళ్లతో మాట్లాడి మాట్లాడి పట్టుబడిన ఉర్దూ. ఆయన వస్తుండగానే నేను స్టోర్ కీపరు చెవిలో తెలుగులో చెప్పాను. “నాది కాదు, నాకు తెలియదు అను. అది నిజమే కూడా. ఇంకో ముక్క మాట్లాడకు.” బుద్ధిగా తల ఊపాడు.

“యే బోతల్ కిస్‌కా హై?” అని అడిగాడు ఆఫీసరు.

“మేరా హై సాబ్,” అన్నాడు మనవాడు.

ఆ హాల్లో నేను తెలుగులో అరిచిన అరుపుకు ట్రాలీలు తోసేవాళ్లు కూడా ఆగి చూశారు.

“నీకు బుర్రుందా? ఇప్పుడే కదయ్యా చెప్పాను!”

“నాకోసం పంపిండు గద సార్. నాది గాదంటె ఆ తప్పు పంపినోని మీదికి వోతది. నాకు కాలు ఇచ్చిన మనిషి సార్ ఆయన.”

“ఆయన యూరప్‌లో ఇంట్లో కూర్చున్నాడు! ఆయన్ని ఎవరూ ఏమీ చేయలేరు. ఇక్కడ దొరికేది నువ్వు!”

“అయితె అబద్ధం ఆడుమంటవా సార్?”

పెట్టెలో ఏముందని అడిగితే ఏమీ లేదన్న మనిషి నాకు నిజం విలువ చెబుతున్నాడు. ఏమంటున్నాడు ఇతను అని ఆఫీసరు నన్ను అడిగాడు. దాచడానికి ఇంకేం మిగిలింది? మొదటి నుంచీ చెప్పాను. కాలు పగలడం, గరిజెలు, నెయ్యి, పశువుల డాక్టరు. డాక్టరు దగ్గరికి వచ్చేసరికి ఆయన చెయ్యెత్తి ఆపి, పక్క గదిలో ఉన్న ఇంకో ఆఫీసరును పిలిచి, అదొక్కటీ మళ్లీ చెప్పమన్నాడు. ఇద్దరూ పడీ పడీ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. పెద్దాయనకు నేను రాసిన మెయిల్ ఫోన్లో తీసి చూపించాను. ఏమీ పెట్టవద్దని మేం ముందే చెప్పాం, చూడండి అన్నాను. ఆయన నవ్వు ఆపి, సీసానూ కాలినీ నా ఫోన్‌నూ పట్టుకుని పైఅధికారి గదిలోకి వెళ్లిపోయాడు.

మేం బెంచీ మీద కూర్చున్నాం. నాకు నిజంగా భయం వేసింది. డిక్లరేషన్ మీద సంతకం నాది. అతను బూటు సంచిని రెండు చేతులా పట్టుకుని అడిగాడు.

“కేసయితె నిన్ను గూడ పట్టుకుంటరా సార్?”

“పట్టుకోవచ్చు.”

“నువ్వు ఎవలో నాకు తెల్వదని చెప్త తియ్యి.”

ఈ ఒక్క అబద్ధానికి మాత్రం సిద్ధంగా ఉన్నాడు. తిట్టాలో దండం పెట్టాలో తెలియలేదు. మీకూ ఇలాంటి క్లయింటు ఎప్పుడో తగులుతాడు, పిల్లలూ. పెట్టెలో ఏముందని అతన్ని అడక్కండి. తినేదేముంది, తాగేదేముంది, ఖాళీ ఎక్కడుంది అని అడగండి.

చాలాసేపటికి ఆఫీసరు బయటికి వచ్చాడు. సీసాను వాళ్ల ఎదుట పారబోయడానికి ఒప్పుకుంటూ ఇతను సంతకం చేస్తే కాలు వదిలేస్తారట. ఇతని పేరు మీద ఒక హెచ్చరిక రాసి పెడతారట. ఇంకోసారి ఇలా జరిగితే మాటలుండవు, నేరుగా కేసే. నాకు ఆయన కాళ్ల మీద పడాలనిపించింది. కాగితం తీసుకుని స్టోర్ కీపరు చేతిలో పెట్టి, పెన్ను మూత తీసి ఇచ్చాను.

అతను పెన్ను పట్టుకుని కూర్చున్నాడు. సంతకం చేయడు.

“ఏమైందయ్యా?”

“ఆయన ఫోన్ జేస్తడు సార్. ఎట్లుండె అని అడుగుతడు. ఏం జెప్పాలె?”

“ఏదో ఒకటి చెప్పు! ముందు సంతకం పెట్టు!”

“ఒక్కసారి వాసన జూడనియ్యమను సార్. ఉత్తగ ఎట్ల చెప్త?”

కస్టమ్స్ హాల్లో, నమాజు టోపీ పెట్టుకుని ఉన్న ఆఫీసరుతో, ఇతను సారా వాసన చూస్తాడట అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. అతనే ముక్కు దగ్గర వేలు పెట్టి చూపించి, సీసా వైపు చూశాడు. ఆఫీసరు కాసేపు పైకప్పు వైపు చూశాడు. తరువాత సీసా మూత తిప్పి, చెయ్యి చాపగలిగినంత దూరం చాపి, తన మొహం పక్కకు తిప్పుకుని పట్టుకున్నాడు. మనవాడు కళ్లు మూసుకుని నిండుగా పీల్చాడు.

“రేగువండ్ల వాసన సార్,” అని సంతకం పెట్టాడు.

సీసా సింకులో ఒంపేశారు. కాలు ఇతని చేతికి వచ్చింది. బెంచీ మీద కూర్చుని, ఆ ఉన్ని మేజోడునే మోకాలి కింద మిగిలిన భాగానికి తొడుక్కుని, కాలు పెట్టుకుని, బూటు వేసుకుని లేచి నిలబడ్డాడు. కర్రలు బెంచీకి ఆనించి వదిలేశాడు. ట్రాలీల వరస దాకా నడిచి వెళ్లి, తిరిగి నడిచి వచ్చాడు. ఆఫీసరు చేత్తో గుమ్మం చూపించి, “ఖలాస్, యల్లా,” అన్నాడు, అయిపోయింది, ఇక బయల్దేరండని. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. కోపం మాత్రం పోలేదు.

ఆదివారం బుదైయా స్టోర్ తాళం తీసింది అతనే. వీసా కూడా రెన్యువలైంది. అదంతా తరువాతి సంగతి. ఆ రోజు మేం కారు దగ్గరికి చేరేసరికే అతని ఫోన్ మోగింది. పెద్దాయన. వీడియోలో తెల్ల మీసాలు, వెనక వంటిల్లు. వీళ్లిద్దరి మధ్య సైట్లో వాడుకున్న పది హిందీ, ఇంగ్లిషు ముక్కలు తప్ప భాష లేదు. అందుకని మధ్యలో నన్ను నిలబెట్టారు.

నడుస్తున్న కాలిని ముందు చూపించాడు. పెద్దాయన చప్పట్లు కొట్టాడు. తరువాత, మందు ఎలా ఉంది అని అడిగాడు. మీ పద్ధతి ప్రకారమే కాలి లోపల పెట్టి పంపాను అన్నాడు, తానేదో పెద్ద మర్యాద పాటించినట్టు.

“మస్తుగున్నదని చెప్పు సార్. రేగువండ్ల వాసన ఒచ్చిందని చెప్పు.”

చెప్పాను. అవి నా పెరటి చెట్టు పళ్లే అని పెద్దాయన పొంగిపోయాడు. ఆ తరువాత కాస్త గొంతు సవరించుకుని, ఆ ఇల్లాలికి నా కృతజ్ఞతలు చెప్పమను అన్నాడు. మిఠాయిలు చాలా బాగున్నాయి, నేనూ నా భార్యా ఒక్క పూటలో తినేశాం, నెయ్యి ఇంకా కొంచెం మిగిలింది, రొట్టెకు రాసుకుంటున్నాను అన్నాడు.

మొత్తం కాల్చేసినట్టు పశువుల డాక్టరు ముద్ర వేసిన కాగితం, అదే పెద్దాయన సంతకంతో సహా, నా చేతిలోని ఫైల్లో ఉంది.

“ఏమంటుండు సార్?”

అన్నదంతా ఉన్నదున్నట్టు తెలుగులో చెప్పాను. అతని మొహం వెలిగిపోయింది. ఫోన్ పెట్టేశాక నా వైపు తిరిగి, నొచ్చుకుంటూ అన్నాడు.

“జూసినవా సార్, ఆయన తిన్నడు. నువ్వేమో అన్ని కాలవెట్టిండ్రంటివి. గింత పెద్దమనిషివి, నాకు అబద్ధమెందుకు చెప్పినవ్ సార్?”

“నేనే సరిగ్గా చదవలేదులే,” అన్నాను. “కారెక్కు.”